షాపులో చేతివాటం: ఫైను కట్టేస్తే అయిపోతుందా?

ఒకప్పుడు కొట్టుకి వెళ్తే షావుకారు గల్లాపెట్టె ముందు కూర్చుని ఉండేవాడు. మనం చీటీ ఇస్తే గుమాస్తా పప్పూ ఉప్పూ పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. సరుకు మనం ముట్టుకునే పనే ఉండేది కాదు. ఇప్పుడలా కాదు కదా! బుట్ట పట్టుకుని అరల మధ్య మనమే తిరుగుతాం. సబ్బు దగ్గర్నుంచి చీర దాకా అన్నీ చేతికి అందేలాగే పెడతారు. మా ధవళేశ్వరంలో ఆటో ఎక్కితే కాసేపట్లో రాజమండ్రి. ఆషాఢం డిస్కౌంట్లప్పుడు, సంక్రాంతి ముందు తాడితోట బట్టల బజారులోనూ మెయిన్ రోడ్డు షాపుల్లోనూ కాలు పెట్టడానికి చోటుండదు.

ఆ రద్దీలో అప్పుడప్పుడూ ఓ గొడవ. "బ్యాగులో పెట్టేసుకుందంట", "కెమెరాలో కనబడిందంట" అంటూ జనం మూగుతారు. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఇంటికొచ్చాక మనం కూడా ఓ మాట అనేస్తాం: "ఏముందిలెండి, ఫైను కట్టి వచ్చేసి ఉంటుంది" అని.

ఈ మాట దగ్గరే చాలామంది ఆడవాళ్లు దెబ్బ తింటున్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి షాపులో దొంగతనం చేసి దొరికితే, ఆ వస్తువు ఖరీదు అక్కడితో తీరిపోవచ్చు. కానీ కోర్టులో "ఒప్పుకుంటున్నాను" అన్న ఒక్క మాట ఉద్యోగం దరఖాస్తులోకి, పాస్‌పోర్టు ఆఫీసుకి, పరాయి దేశం వీసా దాకా వెంట వస్తుంది. అలాంటి కష్టం మన ఇంటి గుమ్మం తొక్కకూడదనే కోరుకుందాం. అయినా తెలుసుకుని ఉంటే మంచిది. మన ఇంట్లో కాకపోతే చుట్టాల్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా అక్కరకొస్తుంది.

చట్టం దృష్టిలో దొంగతనం అంటే?

మనకి 1860 నుంచీ ఉన్న ఇండియన్ పీనల్ కోడ్ పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో దొంగతనానికి 379 సెక్షన్ అనేవారు. ఇప్పుడు అది 303. ఎదుటివాళ్ల వస్తువుని వాళ్ల ఇష్టం లేకుండా, కాజేసే ఉద్దేశంతో కదిలిస్తే చాలు, దొంగతనమే. గుమ్మం దాటి బయటికి వచ్చాకే నేరం అనుకుంటారు చాలామంది. అది సరి కాదు. డబ్బు ఎగ్గొట్టాలని చీరని కొంగు కింద దాచుకుంటే, షాపులో ఉన్నా నేరం జరిగిపోయినట్టే.

ఇందులో ప్రాణం లాంటి మాట 'ఉద్దేశం'. చంటిపిల్ల ఏడుస్తుంటే సముదాయిస్తూ, చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు సంగతి మర్చిపోయి బయటికొచ్చేస్తే అది మరుపు. బుద్ధి పూర్వకంగా చేసింది కాదు గనక నేరం కాదు. అయితే మరుపో, కావాలని చేసిందో మన ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. కెమెరాలో ఎలా కనబడింది, దాచినట్టుందా, చేతిలో బాహాటంగా పట్టుకున్నట్టుందా, ఆపగానే ఏమన్నాం, మిగతా వాటికి బిల్లు చేయించామా, ఇవన్నీ చూస్తారు.

ఇంకో సంగతి. ఖరీదైన డబ్బా మీద చవక వస్తువు స్టిక్కరు అంటించి బిల్లు చేయించుకోవడం కొందరికి తెలివితేటల్లా అనిపిస్తుంది. చట్టం దాన్ని మోసం అంటుంది. 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మామూలు దొంగతనం కన్నా అదే పెద్ద నేరం!

ఐదు వేల గీత

దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. ఇది పాత చట్టంలోనూ ఉన్నదే. రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన జైలు, జరిమానా కూడా. ఇది కొత్త చట్టంలో చేర్చారు.

అలాగే కొత్త చట్టం ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మనిషికి ఇదే మొదటి శిక్ష అయి, ఆ వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే జైలుకి పంపరు. సమాజ సేవ శిక్షగా వేస్తారు. అంటే కోర్టు చెప్పిన పని, జనానికి ఉపయోగపడే పని, కూలి లేకుండా చేసి రావాలి.

ఇలాంటి చిన్న కేసులో వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయడానికి లేదు. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు కూడా మొదలుపెట్టకూడదు. బెయిలు హక్కుగా దొరుకుతుంది. అదే ఐదు వేలు, అంతకు మించి అయితే పోలీసులు నేరుగా కేసు కడతారు. బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చేతిలో ఉంటుంది. 4,900 రూపాయల చీరకీ 5,100 రూపాయల చీరకీ కట్టుకుంటే తేడా తెలియదు గానీ, కేసులో మాత్రం ఇంత తేడా ఉంది.

రెండు చోట్ల ఈ వెసులుబాటు పనిచెయ్యదు. సరుకు భద్రపరిచే భవనంలో దొంగతనం అని 305 సెక్షన్ పెడితే ఏడేళ్ల దాకా శిక్ష. షాపు కూడా సరుకుండే భవనమే గనక, ఏ సెక్షన్ రాశారో మొదటే అడిగి తెలుసుకోవాలి. రెండోది ముఠా. నలుగురు కలిసి, ఒకరు సేల్స్ అమ్మాయిని మాటల్లో పెడితే ఇంకొకరు చీరలు సర్దేసే పద్ధతి ఉంటుంది చూడండి, అలాంటి వాళ్ల కోసం 112 సెక్షన్ పెట్టారు. అందులో షాపుల్లో దొంగతనం అన్న మాట పేరుతో సహా ఉంది. ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు.

2023 దీపావళి ముందు చెన్నైలో ఒక పట్టుచీరల షాపులో ఇలాగే జరిగింది. సీసీ కెమెరా వీడియో బయటికి వచ్చాక పోయిన చీరలు పార్శిలులో పోలీసులకి తిరిగొచ్చాయి. ఆ ఆడవాళ్లు విజయవాడ నుంచి వచ్చారని పోలీసులు చెప్పడంతో మన పేపర్లలోనూ పడింది. సరుకు తిరిగి పంపితే కేసు మాఫీ అయిపోతుందని అనుకునేవాళ్లకి ఇది గుర్తుండాలి. తిరిగిస్తే శిక్ష తగ్గొచ్చు గానీ, నేరం జరగనట్టు కాదు.

"ఒప్పేసుకోమ్మా, పది నిమిషాల్లో అయిపోద్ది"

ఇక అసలు విషయానికి వద్దాం. ఉదాహరణకి ఓ ఇల్లాలు అనుకోండి. ముప్పై రెండేళ్లు. డిగ్రీ చదివింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఉద్యోగం చూసుకుందామని ఉంది. సూపర్ మార్కెట్లో ఆరు వందల రూపాయల క్రీము బ్యాగులో వేసుకుని దొరికిపోయింది. కేసు కోర్టుకి వెళ్లింది. సిగ్గుతో చచ్చిపోతోంది. ఎవరి కంటా పడకుండా బయటపడితే చాలు. కోర్టు వరండాలో ఎవరో అంటారు: "వాయిదాలు తిరగలేవు. ఒప్పేసుకోమ్మా, పది నిమిషాల్లో అయిపోద్ది."

ఆమె ఒప్పేసుకుంది. నాలుగు రోజులు సమాజ సేవ చేసింది. హమ్మయ్య అనుకుంది. ఇంట్లో వాళ్లు కూడా మర్చిపోయారు.

కానీ ఆమె పేరు మీద ఆ రోజు ఒక తీర్పు వచ్చింది. శిక్ష చిన్నదైనా, జైలు లేకపోయినా, జరిమానా వంద రూపాయలైనా, అది నేరం రుజువైన తీర్పే. జైలుకి వెళ్తేనే శిక్ష, లేకపోతే ఏమీ లేదు అనుకోవడం మన అపోహ. పైగా కేసుల వివరాలు ఇప్పుడు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో పేరు కొడితే కనబడతాయి. ఎఫ్ఐఆర్‌లు కూడా, కొన్ని రకాల కేసులు తప్ప, 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరు మర్చిపోయినా కంప్యూటరు మర్చిపోదు.

మరి వేరే దారి లేదా అంటే, ఉన్నాయి. తొందరపడి ఒప్పుకునే ముందు ఈ రెండూ లాయరుని అడగాలి.

మొదటిది రాజీ. 303 సెక్షన్ కింద దొంగతనం కేసుని సొంతదారు, అంటే ఆ షాపు యజమాని, రాజీ చేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కూడా చేసుకోవచ్చు. రాజీ కుదిరి కోర్టు రికార్డు చేస్తే, చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. చూశారా తేడా! అదే క్రీము, అదే కేసు. ఒప్పుకుంటే శిక్ష పడ్డ మనిషి, రాజీ పడితే విడుదలైన మనిషి. 305 సెక్షన్‌కీ, ముఠా సెక్షన్‌కీ మాత్రం రాజీ జాబితాలో చోటు లేదు. అప్పుడు హైకోర్టు దాకా వెళ్లాలి. సెక్షన్ ఏదో మొదటే చూసుకోమని చెప్పింది అందుకే.

రెండోది ప్రొబేషన్. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం, ఇంతకు ముందు శిక్ష లేని మనిషిని కోర్టు మందలించి వదిలేయవచ్చు, లేదా మంచి నడవడితో ఉంటానన్న బాండు మీద వదలవచ్చు. ఇలా వదిలితే ఆ శిక్ష వల్ల చట్టం ప్రకారం వచ్చే అనర్హత పోతుందని 12వ సెక్షన్ చెబుతోంది. దీనికీ ఒక మెలిక ఉంది, ఉద్యోగం సంగతిలో చెబుతాను.

అసలు నేరమే చేయని మనిషైతే మాత్రం వాయిదాలకి భయపడి ఒప్పుకోనే కూడదు. నాలుగు వాయిదాల విసుగు నలభై ఏళ్ల మచ్చ కన్నా నయం.

ఉద్యోగం మాటేమిటి?

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి: కేసులో అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే, మన రాష్ట్ర ఉద్యోగుల 1991 నాటి నిబంధనల ప్రకారం సస్పెండైనట్టే లెక్క. కోర్టులో నేరం రుజువైతే, ఆ నేరానికి దారితీసిన నడవడిని బట్టి విచారణ లేకుండానే తీసేయడానికి రాజ్యాంగంలోని 311 అధికరణం దారి ఇస్తోంది. ఇక్కడే ప్రొబేషన్ మెలిక. ప్రొబేషన్ మీద వదిలినా శిక్ష చెరిగిపోదు, నడవడి కారణంగా ఉద్యోగం తీసేయవచ్చు అని 1990లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పేసింది.

కొత్తగా చేరేవాళ్లకి: సచివాలయం ఉద్యోగమైనా, టీచరు ఉద్యోగమైనా చేరేటప్పుడు ఒక ఫారం నింపాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడుస్తోందా, శిక్ష పడిందా అని అడుగుతారు. పోలీసు విచారణ ఉంటుంది. అక్కడ "లేదు" అని అబద్ధం రాస్తే, అసలు తప్పు కన్నా ఆ దాపరికమే ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. చిన్నా చితకా కేసులైతే దాచినా అధికారులు మన్నించవచ్చు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. అయినా మన అర్హతను చూసి నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి అడిగింది అడిగినట్టు, కేసు ఎలా ముగిసిందో దానితో సహా రాయడమే మంచిది.

బ్యాంకు ఉద్యోగానికి: ఇది చాలామందికి తెలియదు. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 10వ సెక్షన్, నీతి తప్పిన నేరంలో శిక్ష పడినవాళ్లని బ్యాంకులు ఉద్యోగంలో పెట్టుకోకూడదని అంటుంది. ప్రైవేటు బ్యాంకులకి కూడా ఇదే వర్తిస్తుంది. దొంగతనాన్ని మామూలుగా నీతి తప్పిన నేరాల్లోనే లెక్కేస్తారు. ఆరు వందల క్రీము ఎంత దూరం వచ్చిందో చూడండి!

ప్రైవేటు కంపెనీల్లో: చట్టం ఒక్కటే అడ్డు కాదు. పెద్ద కంపెనీలు ఆఫరు ఇచ్చాక అభ్యర్థి పూర్వాపరాలు ఆరా తీస్తాయి. కోర్టు రికార్డులు వెతుకుతాయి. కారణం చెప్పకుండానే ఆఫరు వెనక్కి తీసుకోగలవు.

షాపులో పనిచేసే అమ్మాయిలకి: మన చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో ఆడపిల్లలు రాజమండ్రి షోరూముల్లో పనికి వెళ్తున్నారు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కే ఆ పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లకి ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. పనిచేసే చోటే యజమాని వస్తువు తీస్తే 306 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష. ఐదు వేల వెసులుబాటు దానికి లేదు. ఉద్యోగం పోవడమే కాదు, ఏళ్ల తరబడి చేసినవాళ్లకి గ్రాట్యుటీ కూడా పోవచ్చు. తెలిసినవాళ్లకి చాటుగా తక్కువ బిల్లు కొట్టి సాయం చేయడం కూడా మంచితనం కాదు. మొహమాటపడి ఆ పని చేయొద్దని మీ పిల్లలకి చెప్పండి.

పాస్‌పోర్టు, గల్ఫు, అమెరికా

గోదావరి జిల్లాల్లో గల్ఫుకి వెళ్లిన ఆడవాళ్లు లేని ఊరుండదు. అమెరికాలో చదివే పిల్లలూ ఇంటికొకరు. వాళ్లకీ ఇది తగులుతుంది.

కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలో ఉంది. ఆ కేసు నడిచే కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఏజెంటు టిక్కెట్టు సిద్ధం చేసినా కేసు తేలేదాకా ప్రయాణం ఆగిపోవచ్చు. కొన్ని దేశాలు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు కూడా అడుగుతాయి.

2024 మార్చిలో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం హోబోకెన్ ఊళ్లో, చదువుకోవడానికి వెళ్లిన ఇద్దరు తెలుగు అమ్మాయిలని ఒక సూపర్ మార్కెట్లో కొన్ని వస్తువులకి డబ్బు కట్టలేదన్న ఆరోపణ మీద పోలీసులు అరెస్టు చేశారు. ఒకరు రెట్టింపు డబ్బు కడతామన్నారనీ, ఇంకొకరు మళ్లీ చెయ్యమని బతిమాలారనీ వార్తలొచ్చాయి. పోలీసులు కుదరదన్నారు. కోర్టు ఏం తేల్చినా తేల్చకపోయినా, ఆ వీడియో ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చూసేశారు. ఆ పిల్లల తల్లిదండ్రుల సంగతి ఆలోచించండి.

వీళ్లు చేసిన ప్రాధేయం మనకి మామూలే. "డబుల్ ఇచ్చేస్తాం, వదిలెయ్యండి" అంటే మన దగ్గర షావుకారు ఒక్కోసారి వదిలేస్తాడు. అక్కడ పోలీసు వచ్చాక ఆ దారి ఉండదు. న్యూజెర్సీ చట్టంలో మొదటిసారికే కనీసం పది రోజుల సమాజ సేవ తప్పదు. దానికన్నా వీసా పెద్ద చిక్కు. మరోసారి వీసాకి దరఖాస్తు చేస్తే ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేసినా ఆ ప్రశ్నకి "అవును" అనే రాయాలి. అక్కడ స్థానికులకి ఉపయోగపడే రాజీ పద్ధతులు కూడా, కోర్టులో తప్పు ఒప్పుకుంటే, ఇమ్మిగ్రేషన్ వాళ్ల లెక్కలో శిక్ష కిందికే రావచ్చు. అందుకే అక్కడ క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరుని కూడా అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. 2025 జూలైలో మన దేశంలోని అమెరికా రాయబార కార్యాలయం కూడా హెచ్చరించింది. అక్కడ దొంగతనం లాంటి నేరం చేస్తే వీసా రద్దు కావచ్చు, ముందు ముందు అసలు రాకపోవచ్చు అని.

పిల్లల పెట్టెలో ఆవకాయ సీసా సర్దేటప్పుడు ఈ నాలుగు మాటలు కూడా చెప్పి పంపండి. మనుషులు లేని కౌంటర్ల దగ్గర మనమే స్కాన్ చేసుకునే చోట, ప్రతి వస్తువూ బిల్లులో పడిందో లేదో చూసుకుని మరీ కదలమనండి.

షాపులో ఆపితే ఏం చెయ్యాలి?

తప్పు చేసినవాళ్లకైనా, చెయ్యనివాళ్లకైనా చట్టం కొన్ని హక్కులు ఇచ్చింది. అవి తెలియక ఆ కంగారులో చాలామంది ఇంకాస్త లోతుకి దిగిపోతారు.

- అరవకండి, పరుగెత్తకండి. బిల్లు తీసి చూపించండి. పొరపాటున వచ్చిన వస్తువైతే అక్కడికక్కడే ఆ మాట చెప్పి, డబ్బు కట్టడానికి సిద్ధమేనని అందరి ముందూ అనండి.
- షాపు మగవాళ్లు మీ ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. పోలీసులైనా సరే, ఆడమనిషిని వెతకాలంటే ఆడవాళ్లే, మర్యాదగా వెతకాలి.
- గదిలో పెట్టి గంటల తరబడి గడియ వేయడం షాపువాళ్లు చేసే నేరం. మనిషిని పట్టుకుంటే ఆలస్యం చెయ్యకుండా, 6 గంటలు మించకుండా పోలీసులకి అప్పగించాలి. అదీ పెద్ద నేరం కళ్లెదుట జరిగినప్పుడే.
- "నేనే దొంగిలించాను" అని రాసివ్వమంటే రాసివ్వకండి. తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు. పోలీసులకి ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు గానీ, షాపు యజమానికి రాసిచ్చిన కాగితం సాక్ష్యం కావచ్చు.
- "పది రెట్లు కట్టు, లేకపోతే వీడియో పెట్టేస్తాం" అని బెదిరించే హక్కు ఎవరికీ లేదు. ఫైను వేసేది కోర్టు. షాపు కాదు. అలా వసూలు చేయడం బెదిరించి డబ్బు గుంజడం కిందికి వస్తుంది.
- పొద్దుగూకిన తర్వాత, తెల్లవారే లోపు ఆడవాళ్లని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి.
- అరెస్టయితే కారణం చెప్పాలి, ఇంట్లో వాళ్లకి కబురు చెయ్యాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. అరెస్టు లేకుండా హాజరు కమ్మని నోటీసు ఇస్తే, తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే అరెస్టుకి మీరే దారి ఇచ్చినట్టు.

కొట్టడం అయితే ఏ పరిస్థితిలోనూ కూడదు. 2025 సెప్టెంబరులో బెంగళూరు అవెన్యూ రోడ్డులో చీరలు దొంగిలించిందన్న ఆరోపణతో మన రాష్ట్రపు ఆడమనిషిని షాపువాళ్లు నడిరోడ్డు మీద కొట్టారు. ఆ వీడియో బయటికొచ్చాక పోలీసులు ఆమెతో పాటు కొట్టినవాళ్లని కూడా అరెస్టు చేశారు. షాపు నడిపే అక్కచెల్లెళ్లూ, మీరు కూడా ఇది గుర్తుంచుకోండి. దొంగని పట్టుకోవచ్చు గానీ, శిక్ష వెయ్యడం మన పని కాదు.

మనసు జబ్బు కూడా ఉంటుంది

ఇంట్లో దేనికీ లోటుండదు. బీరువా నిండా చీరలుంటాయి. అయినా ఓ రిబ్బనో, చెంచానో తీసుకోకుండా ఉండలేరు కొందరు. తీసే ముందు గుండె దడ, తీశాక కాస్త ఊరట, ఇంటికొచ్చాక ఏడుపు. దీన్ని క్లెప్టోమానియా అంటారు డాక్టర్లు. అరుదైన జబ్బే. చికిత్స ఉంది. జబ్బు ఉందని చెప్పినంత మాత్రాన కోర్టు వదిలెయ్యదు. అయితే వైద్యం చేయించుకుంటున్నట్టు కాగితాలుంటే శిక్ష విషయంలో లాయరు వాదించడానికి అక్కరకొస్తాయి. దొరక్కముందే వైద్యం చేయించుకుంటే ఇంకా మంచిది. టెలీ మానస్ 14416 నంబరుకి ఫోను చేస్తే డబ్బు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

జబ్బు లేకుండా అవసరం కొద్దీ చేసేవాళ్లూ ఉంటారు. చంటిపిల్లల పాలడబ్బా తీసిన తల్లినీ, సరదాకి లిప్‌స్టిక్కు తీసిన పిల్లనీ ఒకే గాటన కట్టలేం. కానీ చట్టం ముందు ఇద్దరిదీ ఒకే సెక్షన్. అందుకే ఇంట్లో ఇబ్బంది ఉంటే నోరు విప్పి అడగడమే మేలు. డ్వాక్రా సంఘంలో నలుగుర్ని అడిగితే ఓ వంద దొరకదా?

ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే, మొదటి రోజు తిట్లతో గడపకండి. అత్తగారు, ఆడబిడ్డ, భర్త, అందరూ కలిసి మీద పడితే, ఆ మనిషి తొందరగా ముగించాలని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తుంది. ముందు లాయరు, ఆ తర్వాతే తగువులు.

మీకు రాగల సందేహాలు

లాయరుకి ఇచ్చుకోలేం కదండీ?
1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. రాజమండ్రి జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవల సంస్థలో కాగితం పెట్టుకోవచ్చు. 15100 నంబరుకి ఫోను చేసినా దారి చెబుతారు.

కేసు రాజీ అయిపోయింది. ఫారంలో రాయాలా?
ఫారంలో ఏమి అడిగారో చదవండి. "శిక్ష పడిందా" అని మాత్రమే అడిగితే పడలేదని రాయవచ్చు. "ఎప్పుడైనా కేసు నమోదయిందా, అరెస్టయ్యారా" అని అడిగితే అయిందని రాసి, ఫలానా తేదీన రాజీతో ముగిసిందని కూడా రాయాలి. తీర్పు కాపీ ధ్రువీకరించి తెచ్చుకుని రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు భద్రంగా దాచండి.

మా వాడికి పదిహేడేళ్లు. వాడి జీవితం కూడా ఇంతేనా?
కాదు. 18 లోపు పిల్లలది బాలల న్యాయ మండలి చూస్తుంది. 2015 నాటి చట్టం ప్రకారం ఇలాంటి చిన్న నేరంలో తీర్పు వచ్చినా దాని వల్ల అనర్హత ఉండదు. ఆ వెసులుబాటు పద్దెనిమిదో పుట్టినరోజుతో ఆఖరు. ఆ సంగతి కేకు కోసే రోజే పిల్లలకి చెప్పండి.

షాపుకి వెళ్లేటప్పుడు

పెద్ద చేతిసంచీ కౌంటర్లో ఇచ్చి టోకెను తీసుకోండి. వేరే షాపులో కొన్నవాటి బిల్లులు సంచీలోనే ఉంచండి. కొనే వస్తువు కొంగులోనో, మీ సొంత బ్యాగులోనో వెయ్యకుండా షాపు బుట్టలోనే వెయ్యండి. చంటిపిల్లలు చేతిలో ఏం పట్టుకున్నారో కౌంటరు దగ్గర ఒకసారి చూడండి. బిల్లు కట్టాక వస్తువులు లెక్క పెట్టుకుని, గుమ్మం దాటేదాకా బిల్లు చేతిలోనే పట్టుకోండి. ఇంటికొచ్చాక బిల్లులో పడని వస్తువు కనబడితే మర్నాడే వెళ్లి డబ్బు కట్టి రండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈ అడుసు కడిగినా ఓ పట్టాన వదిలేది కాదు.